జమ్ముతో కట్టిన మాటు: ఆర్కన్సా వరిపొలాల్లో బాతుల వేట, నా అనుభవం

మూడోసారి కూడా చుట్టూ తిరిగి వచ్చాయి. ఇరవై దాకా ఉంటాయి, అన్నీ మల్లార్డులే, మగవాటి ఆకుపచ్చ తలలు పొద్దుటి ఎండకి మెరుస్తున్నాయి. రెక్కలు బిగబట్టి, నారింజ రంగు కాళ్ళు కిందికి చాచి, మేము నీళ్ళలో వదిలిన బొమ్మ బాతుల మధ్యకి దిగబోతున్నాయి, ఇంకో పది గజాలు వస్తే చాలు అనుకుంటుండగా ముందున్న ఆడబాతు ఒక్కసారిగా నిటారుగా పైకి లేచింది. దాని వెనకాలే మిగతావన్నీ. అర నిమిషంలో చుక్కలైపోయాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన తుపాకీని ఒళ్ళోంచి కదపనే లేదు. "నిన్ను చూశాయి" అన్నారు, అంతే.

ఆ రోజు నేను తల నుంచి కాలి దాకా కామఫ్లాజ్ బట్టల్లో ఉన్నాను, అన్నీ డబ్బులు పోసి కొన్నవే. మేము దాక్కున్న మాటుకి చుట్టిన వల కూడా కొత్తదే, దాని మీద అచ్చేసిన ఆకులు దగ్గరకెళ్ళి చూసినా నిజం ఆకుల్లాగే ఉంటాయి. అయినా చూశాయి. ఎందుకు చూశాయో కొంత ఆ రోజే అర్థమైంది. మరుసటి ఏడాది నా చేతులతో నేను మాటు కట్టుకున్నాక గానీ పూర్తిగా తెలిసిరాలేదు.

మాది కొల్లేరు అంచున, ఆకివీడు దగ్గర పల్లెటూరు. ఉద్యోగం అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, లిటిల్ రాక్‌లో. వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఊరికే కారేసుకుని ఇక్కడి స్టట్‌గార్ట్ అనే ఊరి వైపు వెళ్ళాను, గంట పైన ప్రయాణం. ఊరు దాటిన కాసేపటికి కారు రోడ్డు పక్కన ఆపేసి దిగి నిలబడిపోయాను. ఎటు చూసినా వరే. గట్లు, బోదెలు, నీళ్ళు తోడే మోటార్లు, ధాన్యం పోసే పెద్ద పెద్ద రేకు గాదెలు. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఈ ఒక్క రాష్ట్రానిదే. ఆ ప్రాంతాన్ని గ్రాండ్ ప్రెయిరీ అంటారు, పైన ఒండ్రు, కింద గట్టి బంకమన్ను పొర, పెట్టిన నీళ్ళు ఇంకవు. కోత అయ్యాక కొయ్యకాళ్ళ మీదికి మళ్ళీ నీళ్ళు పెట్టి వదిలేస్తారు. చలికాలం ముదిరేకొద్దీ కెనడా నుంచి, డకోటా రాష్ట్రాల నుంచి మల్లార్డులు మిసిసిపీ దారి పట్టుకుని వచ్చి ఈ మడుల్లో రాలిన గింజలు ఏరుకుంటాయి. స్టట్‌గార్ట్‌లో 1936 నుంచి బాతుల్ని పిలిచే ఈల పోటీలు జరుగుతున్నాయంటే వీళ్ళకి ఈ పక్షి ఎంత ముఖ్యమో చూడండి.

ఒక మాట ముందే చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుని కొట్టడం నేరం, కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం కూడా. మా తాతల కాలంలో వలలు పన్ని పట్టేవాళ్ళని విన్నాను, అది అక్కడితో ఆగిపోవాల్సిందే, ఆగిపోయింది కూడా. నేను రాస్తున్నది ఇక్కడ లైసెన్సుతో, లెక్క ప్రకారం చేసే వేట గురించి. అయితే మాటు కట్టే పని మాత్రం తుపాకీ ఉన్నవాడికే కాదు, పులికాట్‌లోనో మన ఊరి చెరువు దగ్గరో పక్షుల ఫొటోలు తీసేవాళ్ళకి కూడా ఇంతే పనికొస్తుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. గ్రీన్‌కార్డు వచ్చాక వేట శిక్షణ కోర్సు పూర్తి చేశాను, ఇక్కడ 1968 తర్వాత పుట్టినవాళ్ళకి అది తప్పనిసరి. రాష్ట్ర లైసెన్సు, రాష్ట్రం బాతుల స్టాంపు, దాని పైన కేంద్ర ప్రభుత్వం డక్ స్టాంపు, అది 25 డాలర్లు, మీద మన సంతకం లేకపోతే చెల్లదు. ఈ డక్ స్టాంపు 1934లో మొదలైంది, దాని మీద వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు పక్షులు బతికే చిత్తడి నేలల్ని కొనడానికీ కాపాడటానికీ పోతాయి. కొల్లేరు చేపల చెరువులుగా మారిపోతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ లెక్క తెలిసినప్పుడు నాకు గుండె బరువెక్కింది. సీజన్ మధ్యలో విరామాలతో 60 రోజులు. రోజుకి మనిషికి ఆరు బాతులు, అందులో మల్లార్డులు నాలుగు, ఆ నాలుగులో ఆడవి రెండుకి మించకూడదు. తుపాకీలో మూడు తూటాల కన్నా పట్టకుండా అడ్డు వేయాలి, సీసం గుళ్ళు 1991 నుంచి నిషేధం, ఉక్కులాంటి విషం లేని గుళ్ళే వాడాలి.

పెద్దాయన సంగతి చెప్పాలి. మా ఆఫీసులో పనిచేసే ఒకతని మేనమామ ఆయన, డెబ్బై దాటిన రైతు, గ్రాండ్ ప్రెయిరీలోనే పుట్టి పెరిగారు. నేను వరి గురించి అడిగిన ప్రశ్నలు విని పొలానికి రమ్మన్నారు, ఆ పరిచయం వేటదాకా వచ్చింది. ఆయన ఎక్కువ మాట్లాడరు.

ఆ రోజు బాతులు లేచిపోయాక ఆయన నన్ను మాటులోంచి లేపి, రెండు వందల గజాల అవతల ఉన్న రేకు గాదె దగ్గరికి తీసుకెళ్ళి, నిచ్చెన ఎక్కమన్నారు. నేను పైకెక్కేలోపు ఆయన తిరిగి వెళ్ళి నా చోట్లో కూర్చున్నారు. పైనుంచి చూశాను. జనవరి నెల, పొలమంతా ఎండుగడ్డి రంగు, లేత పసుపు, మధ్యమధ్య నీళ్ళు తళుక్కుమంటున్నాయి. ఆ లేత రంగు మధ్యలో నా మాటు నల్లటి పెట్టెలా కనిపించింది. నాలుగు మూలలూ గీత గీసినట్టు ఉన్నాయి. ప్రకృతిలో అంత తిన్నటి గీత ఎక్కడా ఉండదు కదా. నేను కొన్న వల అక్టోబరు అడవి రంగులో ఉంది, చెట్ల మధ్య అయితే సరిపోయేదేమో. దాని మీది ఆకుల అచ్చు అంత దూరం నుంచి అసలు కనబడనే లేదు, అన్నీ కలిసిపోయి ఒక్క ముదురు మచ్చ. పైన కప్పు లేదు, లోపల చీకటి గొయ్యిలా ఉంది.

పెద్దాయన తల దించుకుని కూర్చున్నంతసేపూ ఆ గొయ్యిలో ఏమీ తెలియలేదు. తలెత్తి నా వైపు చూశారు. ఆ ముఖం ఎవరో అద్దం తిప్పినట్టు తళుక్కుమంది. మళ్ళీ దించారు, ఆరిపోయింది. ఎత్తారు, వెలిగింది. ఆయన తెల్లవాడు కాబట్టి అనుకున్నాను, తర్వాత ఆయన నా ఫొటో తీసి చూపించారు, నా చామనఛాయ ముఖం కూడా అంతే, చెమటకీ నూనెకీ మెరిసిపోతోంది. మల్లార్డుకి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, తల తిప్పకుండానే చుట్టూ చూడగలదు, పైన కూడా. అది మా మీదుగా మూడు చుట్లు తిరిగింది అంటే మూడుసార్లు పై నుంచి తనిఖీ చేసింది అన్నమాట, నేనేమో ప్రతి చుట్టుకీ ముఖమెత్తి దాన్నే చూస్తున్నాను.

అప్పటి నుంచి నా మనసులో ఒక్కటే పడింది. బాతుకి కనబడేది మన చొక్కా మీది బొమ్మ కాదు. నీడ, గీత, మెరుపు, కదలిక, ఈ నాలుగు. వీటిని దుకాణంలో కొనలేం, ఆ చోటికి తగ్గట్టు కట్టుకోవాల్సిందే.

ఆ వేసవంతా ఆలోచించాను. అక్టోబరు వచ్చేసరికి పెద్దాయన పొలం మురుగు కాలవలో జమ్ము విరగబడి పెరిగి ఉంది. కొల్లేరు వాళ్ళకి జమ్ము గురించి చెప్పాలా, పాకల మీద కప్పాం, చాపలల్లాం. ఇక్కడ దీన్ని క్యాటెయిల్ అంటారు, కలుపు కింద లెక్క. కోసుకుంటానంటే ఆయన సంతోషంగా కోసుకోమన్నారు. మా అమ్మ పోయినసారి లగేజీలో సర్ది పంపిన కక్కు కొడవలి ఒకటి ఉంది, దాంతో రెండు శనివారాలు వేడర్స్, అంటే నీళ్ళు దిగని పొడుగు బూట్ల తొడుగు, వేసుకుని నడుంలోతు నీళ్ళలో దిగి కోశాను. మొదటి శనివారం ఒక తప్పు చేశాను, గోధుమరంగు కంకులతో సహా కోసి కట్టలు కట్టాను. ఆరబెట్టిన షెడ్డులో అవి పగిలి దూది దూదిగా ఎగిరింది, బట్టలకీ, జుట్టుకీ, తుపాకీ మరలో కూడా దూరింది, అది శుభ్రం చేయడానికి ఒక సాయంత్రం పట్టింది. రెండో శనివారం కంకులు అక్కడికక్కడే కోసి పారేసి ఆకు మాత్రం తెచ్చాను. ఇంకో సంగతి, మరీ పచ్చిగా కోస్తే ఆరాక సగానికి ముడుచుకుపోతుంది. కొనలు పండుబారడం మొదలయ్యాక కోసి, నిలబెట్టి ఆరబెడితే బూజు పట్టదు. నాకు పది రోజులు పట్టింది.

చట్రానికి పశువుల కంచెలకి వాడే ఇనుప జాలీ పలకలు రెండు కొన్నాను. ఒక్కోటి 16 అడుగుల పొడవు, 50 అంగుళాల ఎత్తు, లావు కడ్డీలు. ఒక్కోదాన్ని 12 అడుగుల దగ్గర కత్తిరించాను, మిగిలిన నాలుగేసి అడుగుల ముక్కలు రెండూ రెండు పక్కల గోడలకి సరిపోయాయి, ఏదీ వృథా పోలేదు. గట్టుకి ఆనుకుని ఇనుప స్తంభాలు పాతి, జాలీల్ని వాటికి తీగతో బిగించి, ముందుదీ వెనకదీ పైన కొంచెం లోపలికి వంగేలా కట్టాను. కొత్త జాలీకి గాల్వనైజ్డ్ పూత తళతళ మెరుస్తుంది, కాబట్టి ముందు మెరుపు లేని మట్టిరంగు స్ప్రే కొట్టాలి, స్తంభాలకీ అంతే. కూర్చోవడానికి మందపాటి చెక్క ఒకటి, ముగ్గురికి సరిపోతుంది.

జాలీ మీద మొదటి పొర గోనెపట్టా. దీన్ని ఇక్కడ చుట్టల లెక్కన అమ్ముతారు, నేను కొన్నదాని మీద బంగ్లాదేశ్‌లో తయారైనట్టు రాసి ఉంది. గడ్డి ఎంత ఒత్తుగా కట్టినా సందుల్లోంచి వెలుతురు లోపలికీ, మన కదలిక బయటికీ కనిపిస్తాయి, వెనక గోనె ఉంటే ఆ బెడద ఉండదు. కానీ కొత్త గోనెకి ఒక బంగారు ఛాయ ఉంటుంది, తడికొయ్యకాళ్ళ పక్కన అది ఎబ్బెట్టుగా కనబడుతుంది. ఈ రాష్ట్రంలో నల్ల వాల్‌నట్ చెట్లు ఎక్కడ చూసినా ఉంటాయి, అక్టోబరులో కాయలు రాలి తొక్కలు నల్లగా కుళ్ళిపోతాయి. ఆ తొక్కలు రెండు బకెట్లు ఏరి, నీళ్ళలో నానబెట్టి, పాత గంగాళంలాంటి దాంట్లో పెరట్లో మరిగించాను. రంగు పట్టడానికి పటికా ఉప్పూ ఏమీ అక్కర్లేదు, ముంచితే చాలు. ఐదు నిమిషాలు ముంచినది టీ రంగు, గంట ఉంచినది కాఫీ రంగు, రాత్రంతా ఉంచినది దాదాపు నలుపు. మూడు రకాలూ కలిపి కుట్టాను. చేతులకి తొడుగు లేకుండా చేసినందుకు నా వేళ్ళు, గోళ్ళు రెండు వారాలు నల్లగానే ఉన్నాయి, ఏ సబ్బుకీ లొంగలేదు, మీరు చేస్తే రబ్బరు తొడుగులు వేసుకోండి. కుట్టడానికి దబ్బనం, పురికొస. దబ్బనం ఇక్కడ దొరకలేదు, లావు కడ్డీ సాన పట్టి కన్నం వేసుకున్నాను.

తర్వాత అసలు పని, గడ్డి కట్టడం. ఇది మా నాన్న నేర్పారు, వీడియో కాల్‌లో. ఆయన కుర్రతనంలో ఊళ్ళో పాకలు కప్పినవారు. ఫోను షెడ్డులో ఒక డబ్బా మీద ఆనించి పెట్టి, నేను కడుతుంటే ఆయన అక్కడ రాత్రి భోజనం చేసి కూర్చుని చూసేవారు. మణికట్టు లావు పిడికెడు తీసుకో, మొదలు కిందికి పెట్టు, కడ్డీ చుట్టూ ఒకసారి తిప్పి పురికొసతో రెండు మెలికలు వేసి లాగు, పక్కదాన్ని దీని మీదికి సగం ఎక్కించు. కింది వరస ముందు, పై వరస దాన్ని కప్పుతూ తర్వాత. "పై నుంచి మొదలుపెట్టావంటే ముడులన్నీ బయటపడతాయిరా" అన్నారు. నేను సరిగ్గా అదే చేయబోతున్నాను అప్పుడు. మొత్తం మూడు రోజులు పట్టింది. మూడో రోజుకి గోడ చూసి ఆయన మురిసిపోయారు, "ఇక పై అంచు కత్తెరేసి సమంగా కొట్టు, చూరు తిన్నగా లేకపోతే తడిక తడికలా ఉండదు" అన్నారు.

మర్నాడు పెద్దాయన వచ్చి చూసి, అంచు ముట్టుకోవద్దన్నారు. ఎంత చిందరవందరగా ఉంటే అంత మంచిది, పై నుంచి చూస్తే గీత కనబడకూడదు అని, నేను సాపుగా కట్టిన చోట్ల ఆయనే చేత్తో పీకి చెదరగొట్టారు. ఒకచోట మరీ ఒత్తుగా, ఒకచోట పలచగా, కొన్ని కొనలు బయటికి వాలి. నాన్న చెప్పిందీ నిజమే, ఇల్లు కప్పేవాడికి తిన్నటి చూరు పనితనం. మాటు కట్టేవాడికి అదే తిన్నటి గీత ప్రమాదం. ముడి నాన్నది ఉంచాను, అంచు పెద్దాయన చెప్పినట్టు వదిలేశాను. నాన్నకి ఫొటో పంపితే ఆ రోజంతా ఫోను ఎత్తలేదు.

జమ్ము ఒక్కటే ఉంటే కూడా సరిపోదు, ఎందుకంటే గట్టు మీద ఉండేది జమ్ము కాదు, ఎండిన గట్టుగడ్డీ వరి కొయ్యకాళ్ళూ. అందుకని పై వరసల్లోకి వరిగడ్డి కలపాలనుకుని, కోత మిషన్ అందుకోని మూలల్లో మిగిలిన దుబ్బులు కోసుకొచ్చి, కంకులతో సహా కట్టడం మొదలుపెట్టాను. పెద్దాయన పరుగెత్తినంత పని చేసి ఆపారు. పంట గడ్డితో మాటు కప్పుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, కానీ దాన్నుంచి ఒక్క గింజ కూడా నీళ్ళలో రాలకూడదు. రాలితే అది ఎర వేసి వేటాడినట్టు, కేంద్ర చట్టం కింద నేరం. కోతలో సహజంగా రాలిన గింజ వేరు, మనం తెచ్చి వేసిన గింజ వేరు. కాబట్టి కట్టినవన్నీ విప్పి, పొలానికి దూరంగా షెడ్డులో కూర్చుని ఒక్కొక్క వెన్నూ దూసి గింజలు సంచిలో పోసుకుని, ఖాళీ గడ్డి మాత్రం తెచ్చి కట్టాను. నాలుగు గంటల పని. ఆ నాలుగు గంటలు నాకు కష్టం అనిపించలేదు, ఇక్కడ ఈ పక్షులు ఇంకా ఇన్ని మిగిలాయంటే ఇలాంటి షరతుల వల్లే.

నా ఒంటి మీదికి ఒక కప్పుడు కూడా చేసుకున్నాను. చేపల వల ముక్క ఒకటి కొని, రంగు వేయగా మిగిలిన గోనె పీలికల్ని కంతకొకటి ముడేశాను, మోకాళ్ళ దాకా వేలాడుతుంది, తల మీదికి లాక్కోవచ్చు. చూడటానికి గడ్డిమేటు నడిచొస్తున్నట్టే ఉండేది. కానీ మొదటి వాన రోజునే అది నీళ్ళు పీల్చుకుని మోయలేనంత బరువైపోయింది, చేతులు పైకి లేవలేదు. సగం పీలికలు ఊడదీసి, భుజాల పైభాగం వరకే ఉంచి, మోచేతుల కింద అసలు లేకుండా కత్తిరించాను. ఇప్పుడు బాగుంది. నిజానికి లోపల కూర్చున్నవాడికి అంత హంగు అవసరం లేదు, ముఖానికి ముసుగు, చేతులకి గ్లవ్స్, టోపీ అంచు దించుకుని దాని కింద నుంచి చూడటం, ఇవి చాలు. మామూలు బట్టలు మట్టిరంగువైతే చాలు.

మిగిలిన వల ముక్క సంగతి చెప్పడం కష్టంగా ఉంది, కానీ చెప్పాలి. దాన్ని గట్టు పక్కన గడ్డిలో వదిలేసి ఇంటికొచ్చాను. వారం తర్వాత వెళ్ళేసరికి ఒక నీటిపాము అందులో చిక్కుకుని, విడిపించుకోబోయి ఇంకా బిగుసుకుని చచ్చిపడి ఉంది. పొలుసుల్లోకి దారం దిగిపోయింది. నేను కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అప్పటి నుంచి వల ముక్క ఒక్కటి కూడా నేల మీద వదలను, మాటుకి కూడా వల వాడటం మానేశాను.

ఇంకో ప్రమాదం డిసెంబరులో. తెల్లారి నాలుగున్నర, చలి కొరికేస్తోంది, లోపల చిన్న గ్యాస్ హీటరు పెట్టుకున్నాం. దాన్ని వెనక గోడకి ఎంత దగ్గరగా పెట్టామో చీకట్లో చూసుకోలేదు. గోనె ముందు వాసన వచ్చింది, తర్వాత ఒక్కసారిగా ఎర్రటి అంచు పైకి పాకింది. ఎండిన జమ్ము, ఎండిన జనపనార, పక్కనే తూటాలు. కాళ్ళ కింద నీళ్ళు ఉండబట్టి పెద్దాయన బకెట్టుతో రెండుసార్లు కొట్టి ఆర్పేశారు, రెండడుగుల మేర కాలింది, అంతటితో పోయింది. ఇప్పుడు హీటరు లేదు, మందపాటి దుప్పటి, ఫ్లాస్కులో అల్లం టీ. చలికి తట్టుకోలేని రోజు వెళ్ళను. గడ్డి మాటులో మంట అనే మాటే వద్దు.

ఆయనకి ఒక నల్ల ల్యాబ్రడార్ ఉంది, కొట్టిన పిట్టని తెచ్చేది అదే. మమ్మల్ని మేం ఎంత బాగా దాచుకున్నా పసుపు కొయ్యకాళ్ళ మధ్య నల్ల కుక్క అర మైలు నుంచి కనబడుతుంది. దానికి మాటు చివర చిన్న గూడు కట్టాను, పైన గడ్డి చాప, ముందు గుమ్మం. మొదట్లో అది గూట్లోకి పోనంది. మా ఇంటి నుంచి ఒక పాత దుప్పటి తెచ్చి వేశాక అక్కడి నుంచి కదలనంది.

ఇక ఆ ఉదయం. జనవరి రెండో వారం, ముందు రోజు చలిగాలి దిగింది, వాయవ్యం నుంచి గాలి నికరంగా వీస్తోంది. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది కాబట్టి గాలి మా వీపు మీదుగా వీచేలా ఉన్న గట్టునే ఎంచుకున్నాం, అవి మా ముందు నుంచి, మాకు ఎదురుగా వస్తాయి. మూడు డజన్ల బొమ్మ బాతులు, మన పాత తెలుగులో దీమం అన్న మాట వీటికి సరిగ్గా సరిపోతుంది, రెండు గుంపులుగా వదిలి మధ్యలో ఇరవై గజాల ఖాళీ ఉంచాం, దిగేది అందులోకే. ఒక బొమ్మకి తాడు కట్టి కొస మాటులోకి తెచ్చుకున్నాం, లాగినప్పుడల్లా నీళ్ళు అలలు కడతాయి. నిశ్చలంగా ఉన్న నీళ్ళని బాతులు నమ్మవు.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చడానికి అనుమతి. వెలుగొచ్చేలోపు చిన్నజాతి బాతులు, టీల్ అంటారు, సర్రున తల మీదుగా పోయాయి, వాటిని వదిలేశాం. ఏడు దాటాక పెద్దాయన ఈల అందుకున్నారు. పద్నాలుగు మల్లార్డులు దూరంగా తిరిగి ఇటు మళ్ళాయి. నేను తల దించుకున్నాను. ఇది చెప్పినంత తేలిక కాదు, ప్రాణమంతా పైకి చూడమంటుంది. నా కళ్ళ ముందు జమ్ము ఆకు ఒకటి, దాని మీద మంచు బొట్టు, అది జారి కింది ముడి దగ్గర ఆగింది, నాన్న చెప్పిన ముడి. రెక్కల చప్పుడు తల మీదుగా వెళ్ళింది, పట్టుచీర విప్పుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. మళ్ళీ వచ్చింది, ఈసారి కింద. మూడో చుట్టు. పోయినేడు లేచిపోయింది ఇక్కడే. గుండె గొంతులో కొట్టుకుంటోంది, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. నీళ్ళ మీద తపతపమని చప్పుడు. టోపీ అంచు కింద నుంచి చూస్తే రెండు అప్పటికే దిగి ఈదుతున్నాయి, మిగతావి కాళ్ళు చాచి గాలిలో వేలాడుతున్నాయి, ఇరవై గజాలు, ఒక మగదాని కన్ను కూడా కనబడింది నాకు. అది నా వైపే చూస్తోంది, నేను దానికి లేను.

పెద్దాయన లేవమన్నారు. నేను రెండు కొట్టాను, రెండూ మగవే, ఆయన ఒకటి. ల్యాబ్ మూడింటినీ తెచ్చింది. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను, వెచ్చగా, కిలో పైన బరువు, తోక మీద రెండు ఈకలు పైకి చుట్టుకుని ఉన్నాయి, రెక్క విప్పితే నీలం పట్టీ. సంతోషం ఉంది, బాధా ఉంది, రెండూ నిజమే, దేన్నీ దాచను. ఇంకా కొట్టడానికి లెక్క మిగిలే ఉంది, కానీ ఆ రోజుకి ఇద్దరికీ చాలనిపించి తుపాకులు ఖాళీ చేసుకుని, ఇంకో రెండు గంటలు ఊరికే కూర్చున్నాం. నలభై దాకా వచ్చి మా ముందు దిగాయి, మేత మేశాయి, రెండు మగవి కొట్లాడుకున్నాయి, ఒకటి మాటుకి ఆరడుగుల దూరంలో రెక్కలు దులుపుకుంది. వాటిల్లో ఒక్కటి కూడా మమ్మల్ని చూడలేదు.

ఇంటికి తెచ్చి ఈకలు పీకి, ఉక్కు గుళ్ళు వేళ్ళతో వెతికి తీసి, మిరియాలతో ఇగురు పెట్టాను. కొల్లేరు బాతు రుచి మా నాయనమ్మ చెప్పగా వినడమే, ఇది ఎలా ఉంటుందో పోల్చలేను. ముదురు మాంసం, సన్నసెగ మీద రెండు గంటలు పట్టింది.

ఫిబ్రవరిలో గడ్డి అంతా విప్పేశాం. జాలీలు, స్తంభాలు షెడ్డులో ఉన్నాయి, గోనె ఎండలో ఆరబెట్టి చుట్టి పెట్టాను, ఇంకో రెండేళ్ళు వస్తుంది. వెనక గోడ ఒక అడుగు పెంచాలి, కాల్చడానికి లేచినప్పుడు ఆకాశం ముందు మా ఆకారం కనబడుతోంది, అదొక్కటే లోపం మిగిలింది. నాన్నకి విజిటర్ వీసా వచ్చింది, అక్టోబరులో దిగుతున్నారు. జమ్ము కోత ఆయన వచ్చేదాకా ఆపమన్నారు, కొడవలి కూడా తనే తెచ్చుకుంటారట. వెనక గోడ ఆయన చేత కట్టించుకుంటాను.